తోటి నర్సు పనిని మెచ్చుకోవాలంటే: ఏం గమనించాలి, ఎలా చెప్పాలి, ఎక్కడ రాసిపెట్టాలి

నర్సు పని బాగా జరిగిన రోజు వార్డులో ఏమీ జరగనట్టే ఉంటుంది. మంచాన పడ్డ మనిషి వీపున పుండు పడదు, డ్రిప్ పెట్టిన చెయ్యి వాచదు, ఎక్కకూడని మందు ఎక్కదు. అందుకే ఈ పని బయటివాళ్ల కంట పడదు. డాక్టర్లకు కొంత తెలుస్తుంది, రోగి బంధువులకు ఇంకా తక్కువ. పూర్తిగా తెలిసేది పక్కన నిలబడి అదే పని చేసే మరో నర్సుకే. కాబట్టి తోటి నర్సును మెచ్చుకోవడం మర్యాద కోసం చేసే పని కాదు. అది మనం తప్ప ఇంకెవరూ చెప్పలేని మాట.

"థాంక్యూ సిస్టర్" అనడంలో తప్పేమీ లేదు. కానీ దేనికి థాంక్సో అందులో లేదు. విన్న మనిషికి రేపు మళ్లీ ఏం చేయాలో తెలియదు, పక్కనున్న జూనియర్‌కు ఏం నేర్చుకోవాలో తెలియదు.

ముందు పని కనబడాలి

మెచ్చుకోలుకు సరుకంతా హ్యాండోవర్‌లోనే (డ్యూటీ మారేటప్పుడు రోగులను అప్పగించుకోవడంలో) దొరుకుతుంది. మంచం మంచం తిరుగుతూ డ్యూటీ తీసుకునేటప్పుడు కేస్ షీటుతో పాటు మనిషిని కూడా చూడండి. కదల్లేని రోగిని పక్కకు తిప్పి నడుము కింద, తోక ఎముక దగ్గర, మడమల మీద చూడండి. వేలితో నొక్కితే తెల్లబడకుండా ఎర్రగానే ఉండే మచ్చ బెడ్‌సోర్‌కు (పడక పుండుకు) మొదటి మెట్టు. నిన్న సాయంత్రం ఉన్న మచ్చ పొద్దుటికి తగ్గిందంటే, రాత్రంతా రెండు గంటలకోసారి ఎవరో ఆ మనిషిని తిప్పారన్నమాట. ముప్పై మంచాలకు ఇద్దరే ఉన్న రాత్రి అది మామూలు విషయం కాదు.

బీపీ, పల్స్, ఊపిరి లాంటివి రాసే విటల్స్ చార్టులో ఊపిరి వరుస (నిమిషానికి ఎన్నిసార్లు) చూడండి. చాలా చార్టుల్లో పైనుంచి కిందికి 20, 20, 20 అని ఒకటే అంకె ఉంటుంది. ఊపిరిని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టడానికి తీరిక ఉండదు, బీపీ, పల్స్ మెషిన్ చూపిస్తుంది, ఇది మాత్రం మనిషే లెక్కపెట్టాలి. రోగి పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు ముందుగా మారేది ఇదే. ఆ వరుసలో 18, 22, 26 అని కనబడి, పక్కన "డ్యూటీ డాక్టర్‌కు తెలియజేశాం" అని టైముతో సహా రాసి ఉంటే, ఆ సంతకం ఎవరిదో చూడండి.

కాన్యులా (డ్రిప్ కోసం నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టడాన్ని అందరూ నైపుణ్యంగానే ఒప్పుకుంటారు, కానీ తప్పు చోట మెచ్చుకుంటారు. "ఒక్క గుచ్చుకే పడింది" అనేది పాక్షికంగా అదృష్టం. అసలు చెయ్యి తిరిగినతనం అంతకుముందే కనబడుతుంది. రక్తం ఎక్కించాలంటే పింకు (20 సైజు) గానీ ఆకుపచ్చ (18) గానీ తీయడం, పలచటి నరాలున్న ముసలమ్మకు నీలం (22) తీయడం, పసిపిల్లకు పసుపు (24) తీయడం, మడత పడే చోటు వదిలి ముంజేతి మీద తిన్నని నరం వెతకడం, వయసు మళ్లినవాళ్లకు టోర్నికే (నరం ఉబ్బడానికి చేతికి కట్టే పట్టీ) వదులుగా కట్టడం, ప్లాస్టర్ మీద తేదీ, టైము రాయడం. వీటన్నిటికంటే పెద్దది, రెండుసార్లు గుచ్చినా పడనప్పుడు ఆగి మరొకరిని పిలవడం. అలా ఆగిన మనిషిని మెచ్చుకుంటే వార్డులో మూడో గుచ్చు, నాలుగో గుచ్చు తగ్గుతాయి. మెచ్చుకోకపోతే పిలవడం చేతకానితనమన్న భావనే నిలబడుతుంది.

మందుల దగ్గర పట్టుకున్న పొరపాట్లను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన దగ్గర ఇన్సులిన్ వయల్స్ (మందు సీసాలు) చాలావరకు మి.లీ.కు 40 యూనిట్లవి, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లది వేరు, దానికి నారింజ మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. అదే 40 యూనిట్లదాన్ని నారింజ మూత సిరంజిలో లాగితే 10 అనుకున్నది 4 అవుతుంది. పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి, పలచన చేయకుండా నేరుగా నరంలోకి పోతే గుండె ఆగుతుంది. ఇలాంటి చోట "ఒక్క నిమిషం, ఇంకోసారి చూద్దాం" అన్న మనిషి ఆ రోజు వార్డులో అందరికంటే పెద్ద పని చేసినట్టు. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు మంచం దగ్గరే నిలబడి, వణుకు, దద్దుర్లు, నడుము నొప్పి ఏమైనా వస్తున్నాయా అని కనిపెట్టుకుని ఉండటం కూడా ఈ కోవలోదే.

ఇక దయ. దాన్ని స్వభావం కిందకి నెట్టేసి "ఆమె మనసే అంత" అనేస్తాం. దగ్గరగా చూస్తే అందులోనూ నేర్చుకున్న పని ఉంటుంది. క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేసేముందు తెర లాగి, ఏం చేయబోతున్నారో రెండు మాటల్లో చెప్పి, అవసరమైనంత మేరకే దుప్పటి తీయడం. పక్షవాతం వచ్చిన మనిషికి తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో పెట్టి, మింగాడో లేదో చూసి గానీ రెండో చెంచా పెట్టకపోవడం, తిన్నాక అరగంట పడుకోనివ్వకపోవడం. భద్రాచలం వైపు ఆసుపత్రుల్లో కోయ మాట్లాడే తల్లి వస్తే "నొప్పి ఎక్కడ" అన్న ఒక్క మాటైనా ఆమె భాషలో అడగగలగడం.

చనిపోయిన మనిషికి చేసే పని అన్నిటికంటే తక్కువ కనబడేది. కళ్లు మూసి, దవడ నిలబడేలా కట్టి, గొట్టాలు తీసి, ఒళ్లు తుడిచి, శుభ్రమైన దుప్పటి కప్పి, ఆ తర్వాతే ఇంటివాళ్లను లోపలికి పిలవడం (పోలీసు కేసైతే గొట్టాలు అలాగే వదలాలని గుర్తుపెట్టుకోవడం కూడా నైపుణ్యమే). వాళ్లు ఆఖరిసారి చూసే ముఖాన్ని ఆ నర్సు సిద్ధం చేసింది. ఆ విషయం ఇంటివాళ్లకు తెలియదు. పక్కన సాయం పట్టిన మనం చెప్పకపోతే ఆమెతో ఎవరూ చెప్పరు.

చెప్పే తీరు

రెండు వాక్యాలు చాలు. మీరు చూసింది ఏమిటో ఒకటి, దానివల్ల రోగికి ఏం మేలు జరిగిందో ఇంకొకటి. అదే డ్యూటీలో చెప్పడం మంచిది, కుదరకపోతే మర్నాటి హ్యాండోవర్ దాటనివ్వకండి. వారం తర్వాత చెబితే ఏ రోగో కూడా గుర్తుండదు.

సీనియర్‌తో అయితే: "అక్కా, ఆ పెద్దాయనకు రెండుసార్లు చూసి ఆగిపోయి నన్ను పిలిచారు, అదే మంచిదైంది. ఇంకోసారి గుచ్చితే ఆయన చెయ్యి ఇచ్చేవాడు కాదు."

జూనియర్‌తో అయితే: "ఊపిరి 26 అని రాసి ఊరుకోకుండా వెంటనే ఫోన్ చేశావమ్మా. అందుకే ఆక్సిజన్ ముందుగా పెట్టగలిగాం."

మగ నర్సుతో: "బ్రదర్, నిన్న రాత్రి ఆ తాతను మీరు తిప్పినన్నిసార్లు తిప్పకపోతే ఇవాళ మడమ చీలేది. మచ్చ తగ్గింది, చూశాను."

లేని గొప్ప కలపకండి. "నువ్వే ప్రాణం కాపాడావు" అని ప్రతిదానికీ అంటే నిజంగా కాపాడిన రోజు చెప్పడానికి మాట మిగలదు. "దేవత" అన్న మాట నర్సుల విషయంలో తేలిగ్గా వాడేస్తారు, మనలో మనం వాడకపోవడమే మేలు. దేవతకు చదువు అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు, విశ్రాంతి కూడా అక్కర్లేదు. నర్సుకు మూడూ కావాలి.

"బాగా చేశావు, కానీ..." అన్నారంటే వినేవాళ్లకు కానీ తర్వాతిదే మిగులుతుంది. దిద్దాల్సింది ఉంటే వేరే పూట, పక్కకు పిలిచి దిద్దండి. ఒకరిని మెచ్చుకోవడానికి ఇంకొకరిని తగ్గించడం అంతకంటే చేటు. "ఈమెను చూసి నేర్చుకోండి" అని అందరి ముందు అంటే ఆ పూటకు ఆమె ఒంటరి అవుతుంది, టీ దగ్గర పలకరించేవాళ్లు ఉండరు. నలుగురిలో పేరు వస్తే ఇబ్బంది పడే మనుషులుంటారు, వాళ్లకు మందుల ట్రాలీ దగ్గర చిన్నగా చెప్పినా సరిపోతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది, కష్టాన్ని నైపుణ్యంగా పొగడటం దగ్గర. "లీవే పెట్టదు", "డబుల్ డ్యూటీ అన్నా మాట అనదు", "పన్నెండు గంటలు నీళ్లు కూడా తాగకుండా చేసింది" అనేవి మెచ్చుకోళ్లు కావు. అక్కడ మనుషులు చాలడం లేదని చెప్పే ఫిర్యాదులు. వాటిని పొగడ్తగా మారిస్తే రేపు లీవు అడిగిన మనిషి చెడ్డదవుతుంది. అలాంటప్పుడు చేయాల్సింది ఆమె మంచాలు రెండు మీరు తీసుకుని, "పది నిమిషాలు కూర్చొని తిని రండి, డ్రిప్‌లు నేను చూస్తాను" అనడం.

నరం బాగా పట్టే చెయ్యి ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. పేరొచ్చిన దగ్గర్నుంచి పక్క వార్డులు కూడా పిలుస్తాయి, ఈలోగా వాళ్ల సొంత రోగుల మందులు ఆలస్యమవుతాయి. పిలిచినవాళ్లు ఆమె వచ్చినంతసేపు ఆమె వైపు ఒక పని చేసిపెట్టాలి. అలాగే ఆమె గుచ్చేటప్పుడు ఒక జూనియర్‌ను పక్కన నిలబెట్టాలి. నైపుణ్యానికి గౌరవం ఇవ్వడమంటే అది ఇంకొకరికి అందేలా చూడటం కూడా.

రాసిపెట్టడం

నోటి మాట ఆ పూటకు. ప్రమోషన్‌కో, కాంట్రాక్టు పొడిగింపుకో, పురస్కారానికి పేరు పంపడానికో పనికొచ్చేది రాత. నర్సింగ్ సేవలకు కేంద్ర ఆరోగ్య శాఖ 1973లో నెలకొల్పిన జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం ఉంది. అలాంటివాటికి పేరు పంపాల్సి వచ్చినప్పుడు "చాలా సేవాభావం గల వ్యక్తి" అన్న వాక్యం ఎందుకూ కొరగాదు. చేసిన పనులు కావాలి.

ఐదారు వాక్యాల కాగితం ఇలా ఉంటే చాలు: "తేదీ, వార్డు, నైట్ డ్యూటీ. స్టాఫ్ నర్సు ఫలానావారు ఇన్సులిన్ ఇచ్చేముందు వయల్ మీది బలాన్ని, సిరంజి మూత రంగును సరిపోల్చి, రెండూ జోడు కావని గుర్తించారు. మందు ఇవ్వకుండా ఆపి, ఇన్‌చార్జికి తెలియజేశారు. రెండున్నర రెట్లు డోసు పోయే ప్రమాదం తప్పింది. ఆ తర్వాత ట్రేలో రెండు రకాల సిరంజిలకూ వేర్వేరు డబ్బాలు పెట్టి పేర్లు అంటించారు." కింద మీ పేరు, సంతకం. ఒక ప్రతి వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌కు, ఒకటి నర్సింగ్ సూపరింటెండెంట్‌కు, ఒకటి ఆ నర్సు చేతికే. మూడోది మరచిపోకండి, ఫైళ్లు పోతాయి.

రోగి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చేది), ఫొటో కాగితంలోనూ వద్దు, వార్డు వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. సిరంజి తప్పుగా పెట్టింది ఎవరో కూడా రాయకండి. ఒకరి పేరు మెచ్చుకోలులో, ఇంకొకరి పేరు తప్పులో ఒకే కాగితం మీద పడితే ఇకమీదట పొరపాటు కనబడ్డా ఎవరూ నోరు విప్పరు.

ఇన్‌చార్జిగా ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి ఆ కాగితాలు ముందేసుకుని ఎవరి పేరు రాలేదో చూడాలి. సాధారణంగా రానివి నైట్ డ్యూటీ వాళ్లవి, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లవి, ఏఎన్ఎంలవి (సహాయక నర్సులవి). వాళ్లు పని చేయక కాదు, చూసి రాసేవాళ్లు ఆ వేళ అక్కడ లేక. ఒక రాత్రి రౌండుకు వెళ్తే సగం సరిపోతుంది.

మే 12న నర్సుల దినోత్సవం పొద్దున పదింటికి పెడితే రాత్రి డ్యూటీ వాళ్లు అప్పుడే ఇంటికెళ్లి పడుకుని ఉంటారు. డ్యూటీ మారే వేళకు పెడితే రెండు షిఫ్టులకూ అందుతుంది. కేక్, కొవ్వొత్తులు ఎలాగూ ఉంటాయి. ఆ రోజు ఒక్కొక్కరు చేసిన ఒక్కో పని చదివి వినిపించండి. ఎవరి పుట్టినరోజున ఇది జరుపుకుంటున్నామో ఆ నైటింగేల్‌ను లోకం లాంతరుతో గుర్తుపెట్టుకుంది గానీ, ఆమె 1858లో సైనికుల మరణాలకు కారణాలను లెక్కగట్టి, గాయాలకంటే నివారించగల రోగాలే ఎక్కువమందిని చంపాయని పటాలు గీసి చూపించింది.

రోగి బంధువులు కృతజ్ఞత చూపాలనుకుంటే డబ్బు వద్దని మెల్లగా చెప్పి, ఫీడ్‌బ్యాక్ కాగితంలో నర్సు పేరు, తేదీ రాయమనండి. స్వీట్ డబ్బా ఇస్తే రాత్రి వాళ్ల వాటా ముందే తీసి మూత పెట్టండి.

వెళ్లిపోయేటప్పుడు

బదిలీ మీదో, గల్ఫ్‌కో, యూకేకో, జర్మనీకో వెళ్లే నర్సుకు శాలువా కప్పడం మన అలవాటు, కప్పండి. దాంతోపాటు పనికొచ్చే అనుభవ పత్రం కూడా ఇప్పించండి. "రెండేళ్లు సంతృప్తికరంగా పనిచేశారు" అన్న పత్రం చూసి ఏ ఆసుపత్రికీ ఆమె ఏం చేయగలదో తెలియదు. ఏ వార్డు, ఎన్ని మంచాలు, ఒక షిఫ్టులో ఎంతమంది రోగులను చూసింది, వెంటిలేటర్, డయాలసిస్, ఇన్‌ఫ్యూజన్ పంపుల్లో ఏవి సొంతంగా నడిపింది, ఎంతమంది కొత్తవాళ్లకు పని నేర్పింది, ఇవన్నీ తేదీలతో ఉండాలి. చిత్తుప్రతి మీరే రాసి సూపరింటెండెంట్ బల్ల మీద పెట్టండి, ఆమెతో పనిచేసిన మీకు తెలిసినంత ఆఫీసు గుమస్తాకు తెలియదు. రిలీవ్ అయ్యే తేదీకి కనీసం పదిహేను రోజుల ముందు మొదలుపెట్టండి, సంతకాలకు, ముద్రకు ఆ మాత్రం టైము పడుతుంది.