మీ రోడ్డు మీద క్రాసింగ్ సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి

రోడ్డు దాటడానికి గీసిన తెల్ల చారలు కనబడ్డాయి కదా అని తృప్తిపడి వచ్చేయకండి. ఆఫీసులు వదిలే వేళకి వెళ్లి, ఒక టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని అరగంట అక్కడే నిలబడండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లని ఒకరిని వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే అసలు పరీక్ష వాళ్ల నడకతోనే.

ముందు చోటు చూడండి. డివైడర్ మీద గ్రిల్ ఊచలు ఎక్కడ వంగాయో, మొక్కల మధ్య ఎక్కడ కాలిబాట పడిందో, జనం దాటేది అక్కడే. బస్సు ఒకచోట ఆగుతూ, చారలు వంద మీటర్ల అవతల ఉంటే జనాన్ని తిట్టి లాభం లేదు, చారలే ఇటు జరగాలి.

తర్వాత టైం. ఒక్కో లేను సుమారు 3.5 మీటర్లు, అంటే ఆరు లేన్లకి 21 మీటర్లు. సెకనుకి 1.2 మీటర్ల నడక అని లెక్క కడితే 18 సెకన్లలో దాటేయొచ్చు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆవిడకి 30 సెకన్లు కావాలి. మేము చూసిన చోట ఆకుపచ్చ మనిషి బొమ్మ వెలిగింది 20 సెకన్లే. డివైడర్ దగ్గరే ఆగిపోయాం, అది రెండడుగుల వెడల్పు కూడా లేదు, బస్సు పోతుంటే ఆ గాలికి కొంగు ఎగిరి, అమ్మ నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. అందుకే మధ్యలో ఆగే చోటుని టేపు పెట్టి కొలవండి. మనిషి నిలబడడానికే కనీసం 1.2 మీటర్లు ఉండాలి, వీల్‌చైర్‌కైతే 2 మీటర్లు.

ఫ్రీ లెఫ్ట్, అంటే సిగ్నల్‌తో పనిలేకుండా బండ్లు ఎడమకి తిరిగే వీలు, ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. మన సిగ్నల్ పడినా ఎడమకి తిరిగే బండ్లు ఆగవు, పది నిమిషాల్లో ఎన్ని ఆగాయో లెక్కపెట్టండి. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి, బ్రేకు మీద కాలు పడేలోపే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది, కాబట్టి చారల పక్కనే ఆటోలు ఆగి ఉంటే డ్రైవర్‌కి మనిషి కనబడేసరికే ఆలస్యమైపోతుంది. నా మట్టుకు నాకు ఫుట్‌పాత్ ఎత్తున లేపి కట్టిన క్రాసింగే మేలనిపిస్తుంది, బండి తప్పనిసరిగా నెమ్మదిస్తుంది, మనం దిగి ఎక్కే పనీ ఉండదు. కాకపోతే అంచున వాన నీళ్లు నిలుస్తున్నాయేమో చూసుకోవాలి.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉంది కదా అంటారు. హైదరాబాద్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు స్కైవాక్‌కి లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లు వాడగలరు. ఉత్త మెట్లే ఉన్నదాన్ని మాత్రం క్రాసింగ్ కింద లెక్కవేయకండి.

చూసినవన్నీ సెకన్లు, మీటర్లు, ఫోటోలతో ఒక పేజీలో రాసి మున్సిపల్ ఆఫీసుకీ ట్రాఫిక్ పోలీసులకీ ఇవ్వండి. కొత్తగా తారు వేస్తున్నారని తెలిస్తే ఆ వారమే ఇంకోసారి పట్టుకెళ్లండి, ఆలస్యం చేస్తే చారలు మళ్లీ పాత చోటే గీసేస్తారు.