వైరల్ జ్వరం పోయినా పొట్ట దారికి రాకపోతే ఏం చేయాలి?

జ్వరం దిగి మూడు రోజులైంది. వాంతులు ఆగాయి. పిల్ల లేచి తల దువ్వుకుంది. అంతే, సాయంత్రానికి గేటు దగ్గర బిర్యానీ పార్సిల్! మర్నాడు తెల్లారేసరికి కడుపు పట్టుకుని నా గది ముందు నిలబడుతుంది. తిరుపతిలో ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటూ పద్దెనిమిదేళ్లుగా ఈ సినిమా చూస్తున్నాను. ఏటా వానలు మొదలయ్యేసరికి ఏదో ఒక వైరస్ వస్తుంది, వారంలో పోతుంది. అది పాడుచేసిపోయిన పొట్ట మాత్రం నెలల తరబడి సతాయిస్తుంది. ఉబ్బరం, తేన్పులు, తిన్న వెంటనే బాత్రూముకు పరుగు, ఒకరోజు విరేచనాలు, రెండు రోజులు మలబద్ధకం.

నేను డాక్టర్ని కాను. కానీ ఈ పొట్టల్ని దారికి తెచ్చే పని చాలాసార్లు చేశాను. జనం ఎక్కడ తప్పటడుగు వేస్తారో బాగా తెలుసు.

కారణం ముందు తెలుసుకోండి, లేకపోతే ఓపిక పట్టలేరు. చిన్నపేగు లోపలి గోడ మీద సన్నటి నూగులాంటిది ఉంటుంది. రోటా, నోరో లాంటి వైరస్‌లు దాన్ని దెబ్బతీస్తాయి. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైమ్ సరిగ్గా ఆ నూగు కొసల్లోనే ఉంటుంది. కొసలు రాలితే అదీ తగ్గిపోతుంది. నూగు మళ్లీ మొలుస్తుంది గానీ ఎంజైమ్ మునుపటిలా రావడానికి వారాలు పట్టొచ్చు. ఇది కాక, పేగు ఇన్ఫెక్షన్ వచ్చిన పదిమందిలో సుమారు ఒకరికి, వైరస్ పోయాక కూడా పేగు ప్రతిదానికీ ఉలిక్కిపడుతూనే ఉంటుంది. దీన్ని డాక్టర్లు పోస్ట్ ఇన్ఫెక్షియస్ ఐబీఎస్ అంటారు. మామూలు పరీక్షలన్నీ నార్మల్ అని వస్తాయి. అంతమాత్రాన నొప్పి నాటకం అనుకోకండి.

1. ఇంటి వైద్యం ఎవరికి కాదు

మలంలో రక్తం పడుతున్నా, మలం తారులా నల్లగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా, జ్వరం మళ్లీ వచ్చినా, నిద్రలోంచి లేపి మరీ విరేచనాలు అవుతున్నా, నాలుగు వారాలు దాటినా నీళ్ల విరేచనాలు ఆగకపోయినా ఈ వ్యాసం పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. గర్భిణులు, పెద్ద వయసువాళ్లు కూడా అంతే. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, విరేచనాలు దాని వల్ల కూడా కావచ్చు. కళ్లు పచ్చబడ్డాయా, పసరు మందు పోసేవాళ్ల ఊరికి బస్సెక్కకండి. లివర్ అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు, దాని మీద ఏమిటో తెలియని పసరు పోయకూడదు.

కింద చెప్పేదంతా పెద్దవాళ్లకే. చంటిబిడ్డలకు ఏ విరేచనాలైనా తల్లిపాలు ఆపకూడదు.

2. నీళ్లు

విరేచనాలు ఇంకా అవుతుంటే ఓఆర్ఎస్ తాగాలి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. సగం పొడి గ్లాసులో వేసుకుని తాగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొలత తప్పితే అది మందు కాదు, ఉప్పునీళ్లు. కలిపింది 24 గంటల్లో అయిపోవాలి, మిగిలితే పారబోయాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థి శిబిరాల్లో కలరా ప్రబలితే దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లతోనే ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. 2023లో, ఆయన పోయాక, పద్మవిభూషణ్ ఇచ్చారు. అలాంటి మందు పేరు పెట్టుకుని తియ్యటి జ్యూసులు అమ్మారు మనకు! 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కాబట్టి మందుల షాపులో పొడి ప్యాకెట్టే అడగండి.

3. వారం రోజుల తిండి

మెత్తటి అన్నం, పలచటి పెసరకట్టు, కారం లేని చారు, ఇడ్లీ, పండిన అరటిపండు, పలచటి మజ్జిగ. పాలు తాగితే పడనివాళ్లకు మజ్జిగ ఎలా పడుతుందని అడుగుతారు. తోడుకునేటప్పుడు అందులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను కొంత తినేస్తుంది, పైగా మనం నీళ్లు పోసి చిలుకుతాం. అదీ పడకపోతే ఆపేయండి.

మా చిత్తూరు వైపు రాగి లేకుండా తిండేమిటి? అయితే సంగటి ముద్ద ఇప్పుడే వద్దు, అంబలే తాగాలి. రాత్రి రాగిపిండి నీళ్లలో కలిపి పెట్టండి, మట్టి కుండలోనే. స్టీలు గిన్నెలో కూడా పులుస్తుందని అంటారు, పులుస్తుంది, నాకు నచ్చదు. పొద్దున ఉడికిన బియ్యపు నూకలో ఆ పిండి పోసి, అడుగంటకుండా కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు వేసుకోవాలి. పక్కన పచ్చి ఉల్లిపాయ మాత్రం పెట్టుకోకండి. ఎందుకో కింద చెబుతాను.

4. మానేసినవి మళ్లీ మొదలుపెట్టడం

అందరూ పడిపోయేది ఇక్కడే. పథ్యం ఎవరైనా చేస్తారు. పథ్యం విడవడం ఎవరికీ చేతకాదు.

పద్ధతి ఇది. ఒకసారికి ఒక్క పదార్థం. మొదటిరోజు రవ్వంత, రెండోరోజు దానికి రెట్టింపు, మూడోరోజు మామూలుగా తినేంత. ఆ మూడు రోజులూ మిగతా తిండి మారకూడదు. మధ్యాహ్నమే తినాలి. రాత్రి తింటే నిద్రలో ఏమైందో తెలియదు. ఏమీ కాకపోతే ఒకరోజు ఆగి తరువాతిది. పొట్ట తిరగబడితే వెంటనే ఆపి, పూర్తిగా కుదుటపడేదాకా వారం తిండికి రండి. ఆ తర్వాతే ఇంకొకటి. పడనిదాన్ని రెండు వారాలాగి మళ్లీ చూడండి.

ఒక పిల్ల వచ్చి, "అక్కా, నాకు కారం దోసె పడలేదు" అంది. కారం దోసెలో ఏముందమ్మా? ఎర్రకారంలో వెల్లుల్లి ఉంది, ఉల్లిపాయ ఉంది, పైన నెయ్యి, పక్కన చెనక్కాయల ఊరుబిండి. వీటిలో ఏది పడలేదు? ఆ పిల్లకే తెలియదు, పొట్టకేం తెలుస్తుంది? ముందు ఉత్త దోసె తినమన్నాను, పడింది. నెయ్యి పడింది. ఊరుబిండి కూడా పడింది. ఉడికించిన ఉల్లిపాయ రెండు చెంచాలు తినగానే ఆ సాయంత్రమే బెలూన్ అయింది. దొంగ దొరికాడు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం ఉంటుంది. దాన్ని మన పేగు అరిగించలేదు, పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ గ్యాస్ మనకు పట్టదు. ఇప్పుడు పేగు ఉలికిపాటు మీద ఉంది కాబట్టి నొప్పిగా తెలుస్తుంది.

ఇంకో సంగతి. తిన్న పది నిమిషాలకు కడుపు నొప్పి వస్తే ఆ తిన్నదాన్నే తిట్టకండి. ఈ గ్యాస్ తయారవడానికి గంటలు పడుతుంది, మధ్యాహ్నం తిన్నది రాత్రికి, మర్నాటికి కూడా చూపించొచ్చు. అందుకే నోటుబుక్కు కావాలి. ఏం తిన్నారు, ఎంత, ఎన్నింటికి, ఎప్పుడు ఏమైంది, ఎలా నిద్రపోయారు. ఫోన్‌లో యాప్‌లున్నాయి గానీ ఫోన్ తీస్తే రీల్స్ చూస్తారు, రాయరు. కాగితమే.

నా వరస: పెరుగు, కందిపప్పు, గోధుమ, ఉల్లి, పాలు, శనగలు, మామిడి, చివర వేపుళ్లు, మసాలా. చలికాలమైతే పితుకుపప్పు ఊరిస్తుంది, తెలుసు. అనపగింజలు నానబెట్టి తొక్క పితికినా గ్యాస్ చేసే చక్కెరలన్నీ పోవు. శనగల తర్వాతే దాని వంతు. వేసవిలో మా జిల్లా అంతా తోతాపురి వాసనే, అయినా మొదటిరోజు ఒక్క ముక్క. మామిడిలో ఫ్రక్టోజ్ ఎక్కువ. పాలు మూడు వారాలు దాటాకే, అదీ కాఫీలో కొద్దిగా. రెండు నెలలకు కూడా పాలు పడకపోతే భయపడకండి. దక్షిణాది పెద్దవాళ్లలో చాలామందికి పాలు అరిగే శక్తి సహజంగానే తక్కువ. మీకు ముందునుంచే అంతేనేమో, ఇప్పుడు బయటపడింది.

లడ్డు సంగతి చెప్పకపోతే తిరుపతి మనిషిని కాను. జ్వరం వచ్చిన మనిషిని చూడటానికి వచ్చేవాళ్లంతా ప్రసాదమే తెస్తారు. శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు, కిస్‌మిస్ అన్నీ ఒకేసారి! కళ్లకద్దుకుని, రవ్వంత నోట్లో వేసుకుని, మిగతాది పక్కగదికి పంపండి. స్వామికి కోపం రాదు.

ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు పడని తిండిని ఇలా పట్టుకోవడానికే ఫాడ్‌మ్యాప్ అనే పద్ధతి కట్టారు. మొదట చాలావాటిని కొన్ని వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటీ చేరుస్తారు. మంచిదే. కానీ ఇంటర్నెట్లో జాబితా చూసి చేసేవాళ్లు మొదటి సగం చేసి ఆగిపోతారు. ఒక అమ్మాయి ఎనిమిది నెలలు పెరుగన్నం మీదే బతికింది. పొట్ట బాగుంది, జుట్టు ఊడింది, మెట్లెక్కితే ఆయాసం. అన్నీ మానేస్తే పేగులోని మంచి బ్యాక్టీరియాకూ తిండి ఉండదు. మానేయడం నాలుగు రోజుల ముచ్చట, తిరిగి చేర్చడమే అసలు వైద్యం. పరీక్షల వారంలో, పెళ్లికి వెళ్లే ముందురోజు కొత్తది మొదలుపెట్టకండి. టెన్షన్‌కు వచ్చిన విరేచనాలను పప్పు మీద వేస్తారు.

5. నడక, నిద్ర, ఊపిరి

పేగుకూ మెదడుకూ మధ్య నరాల దారి ఉంది, రాకపోకలు రెండువైపులా సాగుతాయి. తిన్నాక పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవండి. పొద్దున కపిలతీర్థం దాకా వెళ్లిరండి. తగ్గితే నడిచి వస్తానని మొక్కుకున్నవాళ్లు మాత్రం అలిపిరి నుంచి ఆ 3,550 మెట్లు ఇప్పుడే ఎక్కకండి. పడుకునే ముందు పది నిమిషాలు, పొట్ట పైకి లేచేలా నెమ్మదిగా ఊపిరి. పదిన్నరకల్లా లైటు ఆపాలి. మా హాస్టల్లో నేనే ఆపుతాను.

6. వంటింటి మందులు

అల్లం వికారానికి పనిచేస్తుంది. వాము, జీలకర్ర నీళ్లు హాయినిస్తాయి, రోగం కుదర్చవు. ఇసబ్గోల్ ఒక చెంచాతో మొదలుపెట్టి, గ్లాసు నిండా నీళ్లతో తాగితే విరేచనాలకూ మలబద్ధకానికీ రెంటికీ సాయపడుతుంది. త్రిఫల విరేచనకారి, లూజ్ మోషన్స్ అవుతుంటే ముట్టకండి. ఆయుర్వేదం కావాలంటే చదువుకున్న వైద్యుల దగ్గరికి వెళ్లండి, తిరుపతిలో ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. పేరు లేని పొట్లాలు కొనకండి. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ అసలే వద్దు. వైరస్‌ను అది ఏమీ చేయదు, పేగులో మిగిలిన మంచి బ్యాక్టీరియాను చంపుతుంది.

ఆరు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే గ్యాస్ట్రో డాక్టరును కలవండి, నోటుబుక్కు తీసుకుని. "ఏం తింటే వస్తుంది?" అని ఆయన అడిగినప్పుడు "అన్నిటికీ సార్" అనకుండా, పేజీ తీసి చూపించండి.