విండోస్ మళ్లీ ఎక్కించే ముందు

కంప్యూటర్ లేవకపోతే విండోసే పోయిందని తేల్చేయకండి. ఫ్యాన్ తిరగక, కంపెనీ లోగో కూడా రాకపోతే తప్పు పవర్‌లోనో ర్యామ్‌లోనో బోర్డులోనో ఉంటుంది. లోగో దాకా వచ్చి ఆగిపోతుంటే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్‌లోకి) వెళ్లి డిస్క్ పేరు కనిపిస్తోందా అని చూడండి. కనిపించకపోతే ముందు డిస్క్ కనెక్షన్ వదులైందేమో చూడండి. అయినా కనిపించకపోయినా, హార్డ్‌డిస్క్ టకటకమంటున్నా కొత్త డిస్క్ కొనాల్సి రావచ్చు. పాతదానిలో డేటా కావాలంటే దాన్ని ఇక ఆన్ చేయకండి.

డిస్క్ బాగుంటే ఫైళ్ల సంగతి చూడాలి. 'నావన్నీ డీ డ్రైవ్‌లోనే' అని ధీమాగా ఉంటారు గానీ డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. వేరే కంప్యూటర్‌లో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఇన్‌స్టాలర్ తయారుచేసుకోండి (అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి). దానితో బూట్ చేసి (అంటే కంప్యూటర్‌ని ఆ పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టి), మొదటి స్క్రీన్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల విండో వస్తుంది. అక్కడ నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఫైల్ మెనూలో ఓపెన్‌కి వెళ్లి, ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. రైట్ క్లిక్‌తో కాపీ చేసి బయటి డిస్క్‌లో పేస్ట్ చేయండి. ఎంత అయిందో చూపదు, బిగుసుకుపోయినట్టే ఉంటుంది, కంగారుపడి ఆపేయొద్దు. డ్రైవ్ అక్షరాలు ఇక్కడ మారిపోవచ్చు, లోపలి ఫోల్డర్లను బట్టి పోల్చుకోండి.

డ్రైవ్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతకండి. అది లేకుండా ఫైళ్లు రావు.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు ఆ బయటి డిస్క్ పీకేయండి. పార్టిషన్ల (డిస్క్‌లోని భాగాల) జాబితాలో పేర్లు ఒకేలా ఉంటాయి. సైజు చూడకుండా డిలీట్ నొక్కితే బ్యాకప్పే పోతుంది. జాబితా ఖాళీగా ఉంటే డిస్క్ పోయినట్టు కాదు. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి స్టోరేజ్ డ్రైవర్ (డిస్క్‌ని విండోస్ గుర్తుపట్టేలా చేసే ప్రోగ్రామ్) విడిగా లోడ్ చేయాలి. తయారీదారు సైట్ నుంచి దాన్నీ, వైఫై డ్రైవర్‌నీ ముందే పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచండి. డిస్క్ జీపీటీ (డిస్క్‌ని భాగాలుగా విడగొట్టే ఒక పద్ధతి) అని ఎర్రర్ వస్తే కన్వర్ట్ చేసేయకండి, అందులోవన్నీ పోతాయి. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే బూట్ మెనూలో యూఈఎఫ్ఐ (UEFI) అని ఉన్న పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే సరిపోతుంది.

విండోస్‌లో ఇదివరకు హోమ్ ఎడిషన్ ఉన్నచోట హోమే, ప్రో ఉన్నచోట ప్రోనే వేయండి, లేకపోతే యాక్టివేట్ కాదు. ఛార్జర్ తీయొద్దు. మొదటి రీస్టార్ట్‌లో మళ్లీ అదే సెటప్ మొదటికొస్తే పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేయండి.