దావా వేసే ముందు కోర్టు ఏదో తేల్చుకోండి

శ్రీకాకుళంలో ప్లీడరు గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవారు కాగితాల కట్ట విప్పి, ఎదుటివాడు ఎంత దుర్మార్గుడో ముందు చెబుతారు. నేను మాత్రం తగాదా దేని గురించో అడుగుతాను. ఏ కోర్టుకు వెళ్లాలో దాన్నిబట్టే తేలుతుంది.

భూమి తగాదా అయితే, భూమి ఎక్కడుంటే దావా అక్కడే. అన్న హైదరాబాదులో, తమ్ముడు చెన్నైలో స్థిరపడినా కవిటిలోని కొబ్బరితోట పంపకానికి ఈ జిల్లాకు రావలసిందే. దావా షెడ్యూలులో, అంటే ఆస్తి వివరాల పట్టికలో, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల చెక్కుబందీలు, గ్రామం, మండలం తప్పక ఉండాలి. జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత దస్తావేజుల్లో శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది కాబట్టి పాత పేరు, కొత్త పేరు రెండూ రాయించండి. కలెక్టరేటు మారింది కదా, కోర్టు కూడా మారే ఉంటుందని ఊహించుకోవద్దు. కోర్టుల హద్దులకు నోటిఫికేషన్లు వేరు. గ్రామం పేరు చెప్పి కోర్టు ఆఫీసులోనే అడగండి.

పెద్ద కోర్టులో వేస్తే పెద్ద న్యాయం దొరుకుతుందని కొందరి నమ్మకం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 15వ సెక్షన్ ప్రకారం, మీ దావా విలువను బట్టి దాన్ని విచారించగల కోర్టుల్లో అన్నిటికన్నా కింది కోర్టులోనే వేయాలి.

ప్రోనోటు బాకీ అయితే బాకీదారు ఉండే చోట గానీ, లావాదేవీ జరిగిన చోట గానీ వేయవచ్చు. చెక్కు బౌన్సయితే, మీ ఖాతాలో వేసిన చెక్కుకు మీ బ్యాంకు శాఖ ఉన్న ఊరి కోర్టు.

వలస కుటుంబాలకు చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. ఇంటి మనిషి చెన్నైలో రోడ్డు ప్రమాదంలో పోతే పరిహారం కోసం అక్కడికి తిరగనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద, మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. వినియోగదారుల ఫిర్యాదుకూ 2019 చట్టం అదే వెసులుబాటు ఇచ్చింది.

ఇక మీరు ప్రతివాది అయితే, పరిధి గురించిన అభ్యంతరాన్ని, అంటే ఈ దావా వినే అధికారం ఈ కోర్టుకు లేదన్న మాటను, మొదట్లోనే లేవనెత్తండి. తీర్పు వచ్చాక గుర్తుకొస్తే లాభం తక్కువ.

పరిధి లేదని కోర్టు దావా తిప్పి పంపితే కంగారు వద్దు. దాఖలైన తేదీ, తిప్పి ఇచ్చిన తేదీ, కారణం జడ్జి గారు దావా కాగితం మీదే రాస్తారు. ఆ పేజీకి జెరాక్సు తీయించి భద్రపరచండి. మీరు చిత్తశుద్ధితోనే అక్కడ వేశారని చూపగలిగితే, సరైన కోర్టులో మళ్లీ వేసేటప్పుడు, మొదటి కోర్టులో గడిచిన రోజులను దావా వేయడానికి ఉన్న కాలపరిమితి లెక్క నుంచి మినహాయిస్తారు.