ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఆల్బమ్ కవర్‌కి ఐడియా ఎక్కడ వెతకాలి?

గిటార్ పట్టుకున్న బ్యాండో, మైక్ ముందు నిలబడ్డ గాయకుడో ఉంటే ఒక మంచి ఫొటో తీసి కవర్ మీద వేసేయొచ్చు. ఎలక్ట్రానిక్ సంగీతంలో చాలాసార్లు ఆ వీలుండదు. పాడేవాళ్లు ఉండరు, సాహిత్యం ఉండదు, ఒక గదిలో ల్యాప్‌టాప్ ముందు ఒక్కరే కూర్చుని చేసిన పని అది. అందుకే కవర్ అనగానే చాలామంది పింటరెస్ట్ తెరుస్తారు. చివరికి ఊదారంగు నియాన్ గీతల వెనక అస్తమించే సూర్యుడి దగ్గర తేలతారు. ఆ బొమ్మ ఇప్పటికే లెక్కలేనన్ని కవర్ల మీద ఉంది.

ఈ సంగీతంలో గుర్తుండిపోయిన కవర్లు చాలావరకు వేరే ఆల్బమ్‌లను చూసి పుట్టినవి కావు. 1974లో వచ్చిన జర్మన్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ ‘ఆటోబాన్’ ఆల్బమ్‌కి బ్రిటన్‌లో వేసిన కవర్ నీలం మీద తెల్లటి హైవే గుర్తు, అంతే. ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఆఫెక్స్ ట్విన్ ‘సైరో’ (2014) కవర్ మీదైతే ఆ ఆల్బమ్‌కి అయిన ఖర్చుల పద్దే అచ్చేశారు. మీరూ వేరే ఆల్బమ్ కవర్లలో కాకుండా బయట వెతకండి.

1. విని, మాటలు రాసుకోండి

ఆల్బమ్ మొత్తం ఒకసారి ఏ పనీ పెట్టుకోకుండా వినండి. రెండోసారి కాగితం పెట్టుకుని వినండి. ‘డార్క్’, ‘ఎనర్జిటిక్’ లాంటి మాటలు రాయకండి, వాటిని బొమ్మగా గీయలేం. చేత్తో తాకగలిగేవి, కంటితో చూడగలిగేవి రాయండి: తుప్పు, తడి సిమెంటు, ట్యూబ్‌లైట్, నైట్ షిఫ్ట్ దిగి ఇంటికెళ్తున్న బస్సు. ఒక పదిహేను మాటలు చాలు. కవర్ వేరేవాళ్ల కోసం చేస్తుంటే, ట్రాకులకు ఆ పేర్లెందుకు పెట్టారో వాళ్లని అడగండి. సగం పని అక్కడే అయిపోతుంది.

2. పనిచేసే బల్లని ఒకసారి చూడండి

న్యూ ఆర్డర్ బ్యాండ్ ‘బ్లూ మండే’ (1983) కవర్ చేసిన పీటర్ సావిల్‌కి ఐడియా దొరికింది వాళ్ల స్టూడియోలోనే. సీక్వెన్సర్ల (స్వరాలని వరసగా వాటంతటవే వాయించే పరికరాల) కాలం అది, అక్కడ ఫ్లాపీ డిస్క్ (కంప్యూటర్ సమాచారం దాచే పాతకాలపు పలక) కనిపించింది. కవర్‌ని అచ్చం ఫ్లాపీలా, మధ్యలో రంధ్రాలు కోసి తయారుచేశాడు. బ్యాండ్ పేరు, పాట పేరు అక్షరాల్లో రాయకుండా రంగు గళ్ల సంకేతంగా పెట్టాడు.

1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌నే తీసుకోండి. కింద వరసగా 16 మీటలు: నాలుగు ఎరుపు, నాలుగు నారింజ, నాలుగు పసుపు, నాలుగు తెలుపు. అక్కడే ఒక కలర్ స్కీమ్ రెడీగా ఉంది. మీ దగ్గరున్న కీబోర్డునీ, చిక్కుపడ్డ కేబుళ్లనీ, స్క్రీన్ మీద శబ్దం హెచ్చుతగ్గుల్ని చూపించే ఆటోమేషన్ గీతలనీ బాగా దగ్గరికెళ్లి ఫొటోలు తీసుకోండి.

3. శబ్దాన్నే బొమ్మగా మార్చండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇదే. ఉచితంగా దొరికే ఆడియో సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో మీ ట్రాక్ తెరిచి, ట్రాక్ మెనూలో స్పెక్ట్రోగ్రామ్ ఎంచుకోండి. శబ్దం రంగుల పటంలా కనిపిస్తుంది. ఆఫెక్స్ ట్విన్ 1999లో ‘విండోలికర్’ సింగిల్‌లోని ఒక ట్రాకులో తన ముఖాన్నే ఇలా దాచిపెట్టాడు.

కంప్యూటర్ లేకుండా చేసేది ఇంకా బాగుంటుంది. 1787లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ క్లాడ్నీ లోహపు పలక మీద ఇసుక చల్లి, పలక అంచున వయొలిన్ కమాను లాగితే ఇసుక ఎలా గీతలు కడుతుందో ప్రచురించాడు. దాన్ని మనం వంటింటి సరుకుతో చేయొచ్చు. వెడల్పాటి గిన్నెలో చిన్న బ్లూటూత్ స్పీకర్‌ని పైకి చూసేలా పెట్టండి. నల్ల చెత్త కవర్ ముక్కని గిన్నె మూతి మీద మృదంగం మూతలా బిగించి రబ్బరు బ్యాండు వేయండి. పైన సన్న ఉప్పు గానీ బొంబాయి రవ్వ గానీ పల్చగా చల్లండి. ఫోన్‌ని స్పీకర్‌కి కలిపి, అందులో టోన్ జనరేటర్ యాప్ (కోరిన స్థాయిలో ఒకే శబ్దం పలికించేది) పెట్టి, మీ ట్రాక్ ‘ఎ’ శ్రుతిలో ఉంటే 110 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ పోండి. వాల్యూమ్ మరీ ఎక్కువ పెట్టకండి. ఒక్కో చోట రవ్వ ఎగిరెగిరి ఒక్కసారిగా వలయాలుగా, గళ్లుగా సర్దుకుంటుంది. ప్లాస్టిక్ కవర్ ఎంత బిగుతుగా ఉందన్నదాన్ని బట్టి ఆకారం మారుతుంది. గదిలో లైటు తీసేసి, టార్చిని పక్కనుంచి బాగా కిందగా పట్టుకుని ఫొటో తీయండి. ఒక్కో గింజకీ నీడ పడుతుంది.

4. మ్యూజియంలు, పాత ఫొటో ఆల్బమ్‌లు తిరగేయండి

న్యూ ఆర్డర్‌దే ‘పవర్, కరప్షన్ అండ్ లైస్’ (1983) కవర్ మీద ఉన్నది హెన్రీ ఫాంటాన్-లాతూర్ 1890లో వేసిన గులాబీల బుట్ట. మెషీన్ సంగీతానికి నూనె రంగుల పూలు! ఆ పొంతన లేకపోవడమే దాని బలం. బోర్డ్స్ ఆఫ్ కెనడా అనే ఎలక్ట్రానిక్ జోడీ 1998 ఆల్బమ్ మీదేమో వెలిసిపోయిన కుటుంబ ఫొటో, అందులో ముఖాలన్నీ చెరిపేసి ఉంటాయి. మీ ఇంట్లో బీరువా అడుగున కూడా అలాంటి ఫొటోలు ఉండే ఉంటాయి. తెలుగువాళ్లం కాబట్టి కవర్ మీద కలంకారీ ఉండాలన్న రూలేం లేదు, పాటలో దానికి చోటుంటేనే వాడండి.

హక్కుల సంగతి మాత్రం చూసుకోండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన దగ్గరున్న కాపీరైట్ లేని కళాఖండాల ఫొటోలను ఎవరైనా వాడుకునేలా వదిలేసింది. మన దేశంలో చిత్రకారుడు చనిపోయిన 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. పింటరెస్ట్‌లో కనిపించిందల్లా ఉచితం కాదు.

5. చిన్నది చేసి చూడండి

పోగైన వాటిలోంచి మూడు కవర్లు రఫ్‌గా చేయండి. ఫోన్‌లో గోరంత సైజుకి తగ్గించి చూడండి, ఎందుకంటే ఎక్కువమంది చూసేది ఆ సైజులోనే. ఏదో ఒక ఆకారం నిలబడాలి. సన్న అక్షరాలు అక్కడ మాయమైపోతాయి, పేరు యాప్‌లో ఎలాగూ పక్కనే ఉంటుంది కాబట్టి తీసేసినా నష్టం లేదు. ఒక స్నేహితుడికి మీ ట్రాక్ ఒకటి, వేరేవాళ్లది ఒకటి వినిపించి, ఈ కవర్ దేనిదని అడగండి. తప్పు చెప్తే మొదట రాసుకున్న మాటల దగ్గరికి వెళ్లండి.

ఖాయం చేసుకున్నాక 3000 × 3000 పిక్సెళ్ల చదరంగా, ఆర్‌జీబీలో (స్క్రీన్‌ల కోసం వాడే రంగుల పద్ధతి) సేవ్ చేయండి. మసకగా ఉన్న ఫొటోలు, వెబ్‌సైట్ చిరునామాలు, ఇన్‌స్టా ఐడీలు ఉంటే స్ట్రీమింగ్‌కి పంపే సంస్థలు తిప్పి పంపుతాయి.