మహామాంద్యపు పల్లె ఫోటోలను చదవడం ఎలా?

1930ల ఆర్థిక మహామాంద్యంలో అమెరికా పల్లెల పేదరికాన్ని అక్కడి ప్రభుత్వం ఫోటోగ్రాఫర్లతో తీయించింది. సుమారు 1,75,000 నలుపు తెలుపు నెగెటివ్‌లు ఇప్పుడు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు.

ఏ ఫోటోనూ విడిగా చూసి ఒక నిర్ణయానికి రాకండి. ముందు దాని వివరణలోని ఊరు, నెల చదివి, అదే సందర్భంలో తీసిన మిగతా ఫ్రేములను వెతికి పక్కపక్కన పెట్టుకోండి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోత కూలీల శిబిరంలో డొరొథియా లాంగ్ తీసిన 'వలస తల్లి' చిత్రాన్నే తీసుకుంటే, దూరపు ఫ్రేములో కనిపించే డేరా, చుట్టూ ఉన్న నేల ప్రసిద్ధ చిత్రంలో దాదాపు మాయమై, తల్లి ముఖం, అటు తిరిగిన ఇద్దరు పిల్లలు, ఒడిలోని పసిబిడ్డ మాత్రమే మిగులుతారు. కుడివైపు అడుగున డేరా కర్రను పట్టుకున్న బొటనవేలిని తర్వాత నెగెటివ్‌పై చెరిపించారు. పెద్దది చేసి చూస్తే దాని నీడ లీలగా తెలుస్తుంది.

కొన్ని ఫ్రేముల్లో, ఒక్కోసారి మనిషి ముఖం మీదే, నల్లటి గుండ్రని మచ్చ కనిపిస్తే అది స్కానింగ్ లోపం కాదు. ఈ ఫోటోలు తీయించిన ప్రభుత్వ విభాగాన్ని నడిపిన రాయ్ స్ట్రైకర్ తనకు నచ్చని నెగెటివ్‌లకు పంచ్‌తో రంధ్రం చేయించేవాడు, ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అలాంటి ఫ్రేములను ఎంపికైన వాటితో తప్పక పోల్చండి.