‘నీ’ అంటే చైనాలో నువ్వు, బాస్క్‌లో నేను: మాటల చుట్టరికం తేల్చడం ఎలా?

తెలుగులో ‘నీ’ అంటే నీకు చెందినది. మాండరిన్‌లో ‘నీ’ అంటే నువ్వు. కొరియన్ సీరియల్లో ‘నీగా’ అని వినిపిస్తే అదీ నువ్వే. స్వీడిష్‌లో ‘నీ’ అంటే మీరు. స్పెయిన్ ఉత్తర కొసన మాట్లాడే బాస్క్‌లో ‘ని’ అంటే నేను, వెల్ష్‌లో మేము. స్వాహిలీలో అది సర్వనామమే కాదు: ‘మీమి ని మ్వాలిము’ అంటే ‘నేను టీచర్ని’, అందులో ‘ని’ వాక్యాన్ని కలిపే మాట. మొదటి మూడూ చూడగానే ఈ భాషలన్నీ ఒక్క తల్లి పిల్లలేనని పోస్టు పెట్టాలనిపిస్తుంది. పెట్టేముందు చేయాల్సిన పరీక్ష ఇక్కడ చెబుతున్నాం. ఒక తెల్ల కాగితం, రెండు మూడు నిఘంటువులు, ఒక పూట సమయం చాలు.

కాగితం మీద నాలుగు గడులు గీయండి: భాష, దాని కుటుంబం, ఇప్పటి ఉచ్చారణా కచ్చితమైన అర్థమూ, దొరికినంతలో పాత రూపం. చాలామంది మూడో గడితో ఆగిపోతారు. తీర్పు చెప్పేది నాలుగోది.

మనవైపు నుంచే మొదలుపెట్టండి. భాషావేత్తలు బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (మాటల పుట్టుక చెప్పేది, రెండో కూర్పు 1984) షికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అందులో ‘నీ’ వెతికితే తమిళం ‘నీ’, కన్నడం ‘నీన్’, ఝార్ఖండ్ వైపు మాట్లాడే కుడుఖ్ ‘నీన్’, బలూచిస్తాన్‌లోని బ్రాహుయీ ‘నీ’ ఒకేచోట కనిపిస్తాయి. వెయ్యికి పైగా కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్రాహుయీ మాట మనకు నిజమైన చుట్టం. మరి చైనా ‘నీ’?

దాని నాలుగో గడి నింపండి. ఈ మాట మధ్యయుగపు ఉచ్చారణలో ‘ఞె’కి దగ్గరగా ఉండేది, ఈకారం తర్వాత వచ్చింది. మాండరిన్ ఉన్న సినో-టిబెటన్ అనే పెద్ద కుటుంబానికే చెందిన మణిపురి, మిజో భాషల్లో ‘నువ్వు’కి ‘నంగ్’ అంటారు. అంటే వెనక్కి వెళ్లేకొద్దీ మన ‘నీన్’కి దూరమవుతోంది. నిజమైన చుట్టాలైతే వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవ్వాలి.

స్వీడిష్ గడి ఇంకా ఆసక్తికరం. అక్కడ ‘మీరు’కి పాత మాట ఉత్త ‘ఈ’. ప్రశ్నల్లో దాని ముందు వచ్చే క్రియ బహువచనంలో నకారంతో ముగిసేది: ‘హావెన్ ఈ’. ఆ నకారం పక్క మాటలోకి జారి ‘నీ’ అయింది. మనం పోలిక చూసి మురిసిపోయిన ‘న’ అసలు ఆ సర్వనామానిదే కాదు.

కొరియన్‌లో మూలరూపం ‘నో’కి దగ్గరగా పలికే మాట. కర్తగా వాడినప్పుడు అది ‘నేగా’ అవుతుంది. ‘నేను’కి వాడే రూపం కూడా దాదాపు అలాగే ఉండేది, అచ్చులోనే కాస్త తేడా. సియోల్ వైపు పలుకుబడిలో ఆ రెండు అచ్చులూ కలిసిపోవడంతో ‘నేనా, నువ్వా’ అన్నది తెలియకుండా పోయింది. తికమక తీరడానికి జనం ‘నీగా’ అనడం మొదలుపెట్టారు. 1905లోనే అమెరికా మిషనరీ హోమర్ హల్బర్ట్ కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఏకంగా వ్యాకరణం రాశాడు. ఈ భాషల్లో ఒకేలా వినిపించే మాటలంటూ ఇప్పుడు తిరిగే జాబితాలు కూడా అదే పోలికల మీద నడుస్తున్నాయి. వాటిలో కొరియన్ ‘నా’ (నేను), మన ‘నేను’ జంట తప్పక ఉంటుంది. నన్నయ కాలపు తెలుగులో ‘నేను’కి ‘ఏను’, ‘మేము’కి ‘ఏము’ అనే రూపాలున్నాయి. పాత తమిళంలో ‘యాన్’. మొదటి నకారం తర్వాత చేరింది, కాబట్టి ఆ జంటను కొట్టేయండి.

సర్వనామాలకు ఇంకో గట్టి పరీక్ష ఉంది: ఏకవచనం, బహువచనం పక్కపక్కన రాయడం. కుడుఖ్‌లో నీన్–నీమ్, ఏన్–ఏమ్. పాత కన్నడంలో నీన్–నీమ్, ఆన్–ఆమ్. ఒకరైతే న్, పలువురైతే మ్. ‘ఏను–ఏము’లోనూ అదే. ఇలాంటి అల్లిక యాదృచ్ఛికంగా రావడం చాలా కష్టం. మాండరిన్‌లో నీ–నీమెన్ అని ఉంది కదా, మకారం దొరికిందని తొందరపడకండి. అక్కడ ‘మెన్’ విడి ప్రత్యయం, మనుషులను సూచించే నామవాచకాలకూ చేరుతుంది. ‘నీ’ లోపల ఏ మార్పూ లేదు.

ఒక్క మాటతో చుట్టరికం ఎప్పుడూ తేలదు. పదిహేను హల్లులు, అయిదు అచ్చులు ఉన్న భాషలో హల్లూ అచ్చూ కలిసిన అక్షరాలు 75 మాత్రమే. ప్రపంచంలో వేల భాషలున్నాయి. ‘నీ’ అంత పొట్టి మాటలు ఢీకొనకపోతేనే వింత. అందుకే క్రమం తప్పని ధ్వనిమార్పు వెతకాలి. తెలుగు, కన్నడం తీసుకోండి: పాలు–హాలు, పులి–హులి, పంది–హంది, పువ్వు–హూవు, పేరు–హెసరు, పది–హత్తు. మొదటి పకారం ప్రతిచోటా హకారమైంది, పాత కన్నడంలోనేమో పకారమే ఉంది. ఒకేలా వినిపించడం కన్నా ఇలా క్రమంగా తేడాగా వినిపించడమే గట్టి సాక్ష్యం. ఒక్కో ధ్వనికి కనీసం నాలుగైదు జంటలు దొరకనిదే ఏమీ తేల్చకండి. జంటలను శరీర భాగాలు, అంకెలు, నీరు, నిప్పు వంటి నిత్యం వాడే మాటల నుంచే ఏరండి.

ఎక్కువగా దొర్లే తప్పు అర్థాన్ని సాగదీయడం. ‘చెట్టు’కి జంట దొరక్కపోతే ‘కొమ్మ’, అదీ లేకపోతే ‘అడవి’ అనుకుంటూ పోతే ఏ రెండు భాషలనైనా కలిపేయొచ్చు. వెతకకముందే అర్థం రాసిపెట్టుకుని దానికే కట్టుబడండి. అలాగే ఓసారి తమిళం, ఓసారి తుళు, ఓసారి గోండీ అంటూ ఏది కలిస్తే దాన్ని పట్టుకోకండి. చుట్టాల మధ్య కూడా అర్థం జారుతుంది: కన్నడంలో ‘నీవు’ బహువచనం, గౌరవం. తెలుగులో ‘నీవు’ ఏకవచనం. బెంగళూరులో పెద్దవాళ్లతో మాట్లాడే తెలుగువాళ్లకు ఇది తెలిసి ఉండాలి.

అమ్మ, అప్ప, మామ, తాత లాంటివి ఈ లెక్కలో అసలు వేసుకోవద్దు. పసిపిల్లలు మొదట పలికే శబ్దాలు అన్నిచోట్లా అవే. వాటికి అర్థం కట్టేది పెద్దవాళ్లు. జార్జియన్‌లో ‘మమ’ అంటే నాన్న, ‘దెద’ అంటే అమ్మ.

చివరగా అరువు సంగతి చూడాలి. దానికి తేదీ, దారి రెండూ కుదరాలి. జపనీస్ ‘అరిగాతో’ పోర్చుగీస్ ‘ఒబ్రిగాదో’ నుంచి వచ్చిందని చాలామంది నమ్ముతారు. పోర్చుగీసువాళ్లు జపాన్‌లో అడుగుపెట్టింది 1543లో. ‘అరిగాతో’కి మూలమైన ‘అరిగతషి’ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే జపాన్ రచనల్లో ఉంది. మనం వాడే ‘మేస్త్రి’ మాత్రం పోర్చుగీస్ ‘మెస్త్రె’ నుంచే వచ్చింది. తీరప్రాంతంలో వాళ్ల వ్యాపారం, కట్టడాల పని వల్ల తేదీ, దారి కుదురుతున్నాయి; ధ్వని, అర్థం కూడా కుదురుతున్నాయి. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా ఆ మాట పక్కన ‘తేలలేదు’ అని రాసి పెట్టుకోండి.